ఇంట్లో తుపాకి మందు ఎంత ఉండొచ్చు?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒక గృహస్థుడు తన ఇంట్లో ఎన్ని వేల తూటాలు పెట్టుకున్నా చట్టం లెక్క అడగదు. అదే మనిషి, అదే ఇంట్లో, ఆ తూటాల్లో నింపే మందును డబ్బాలుగా తెచ్చిపెట్టుకుంటే మాత్రం తూకం మొదలవుతుంది. 20 పౌండ్ల వరకు ఒక పద్ధతి. అది దాటితే చెక్క పెట్టె తప్పనిసరి. 50 పౌండ్లు దాటితే ఇంట్లో చోటే లేదు. తూటా అడుగున కందిగింజంత ఉండే ప్రైమర్‌కు వేరే లెక్క. ప్రాణం తీసేది తూటా కదా, దాన్ని వదిలేసి మందు మీద, ప్రైమర్ మీద ఇంత పట్టింపు ఎందుకని మొదటిసారి వినేవారికి అనిపిస్తుంది. ఈ పరిమితుల్ని రాసినవాళ్లు ఎక్కువగా ఆలోచించింది తుపాకి గురించి కాదు, నిప్పు గురించి. ఇల్లు అంటుకున్న రాత్రి లోపలికి వెళ్లే అగ్నిమాపక సిబ్బంది వాళ్ల కళ్లముందు ఉన్నారు. అది గుర్తుంచుకుంటే నియమాల్లో చాలా భాగం దానంతటదే అర్థమవుతుంది.

విడి మందు ఇళ్లలోకి ఎందుకు వస్తుందన్నది ముందు చెప్పుకోవాలి. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్ని ఏరి తెచ్చి, కొత్త ప్రైమర్ బిగించి, మందు కొలిచి పోసి, పైన గుండు అమర్చి మళ్లీ తూటాగా మార్చుకోవడం అక్కడ లక్షలమందికి అభిరుచి. దీన్ని రీలోడింగ్ అంటారు. గ్యారేజీలో ఒక మూల బల్ల, దానికి బిగించిన ప్రెస్, చిన్న తక్కెడ ఉంటే చాలు. ఖర్చు కలిసొస్తుంది. గురిపోటీలకు వెళ్లేవాళ్లు తమ తుపాకికి సరిగ్గా కుదిరే పాళ్లు తామే చూసుకుంటారు. ఇంకో వర్గం గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకులతో, అంటే మజిల్ లోడర్లతో, వేటాడేవాళ్లు. వాళ్ల కోసం చాలా రాష్ట్రాలు జింకల వేటకు విడిగా ఒక సీజన్ కేటాయిస్తాయి. ఈ ఇద్దరికీ కావలసిన మందులు వేరు, చట్టం చూపు కూడా వేరు.

మందు తూకం పౌండ్లలో, తూటాలో పోసే కొలత గ్రెయిన్లలో ఉంటుంది. పౌండు అంటే సుమారు 454 గ్రాములు, అందులో 7,000 గ్రెయిన్లు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు దాదాపు 5 గ్రెయిన్లు పడుతుంది కాబట్టి పౌండు మందుతో 1,400 తూటాలు వస్తాయి. పెద్ద వేట రైఫిల్ తూటాకు 45 గ్రెయిన్లు పడితే అదే పౌండు 155 తూటాలకే సరి. కనుక 20 పౌండ్ల పరిమితి పిస్తోలు వాడేవాడికి ఏళ్ల తరబడి సరిపోయేదే. రైఫిల్ పోటీలకు సాధన చేసేవాడికి మాత్రం అంత పెద్దదేమీ కాదు.

నిప్పు తగిలితే ఏది ఏం చేస్తుంది

సురేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపి తయారుచేసే పాత మందును బ్లాక్ పౌడర్ అంటారు. దీపావళికి మతాబులు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూర్చుకున్న తెలుగు కుటుంబాలకు ఈ మూడు సరుకులూ పరిచయమే. దీనికి మూసిన గొట్టం అక్కర్లేదు. ఆరుబయట కుప్పపోసినా ఒక్క నిప్పురవ్వకు కుప్పంతా కన్నుమూసి తెరిచేలోగా అంటుకుంటుంది. మోతాదు పెరిగితే మంట కాస్తా పేలుడవుతుంది. రవాణా నిబంధనల్లో దీన్ని మొత్తం సరుకు ఒక్కసారిగా పేలే వర్గంలో చేర్చడానికి కారణమదే.

రెండోది పొగ రాని మందు, స్మోక్‌లెస్ పౌడర్. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియే 1884లో రూపొందించిన మందుతో దీని చరిత్ర మొదలవుతుంది. ఈనాటి తూటాలన్నింటిలోనూ ఉండేది ఇదే. ముఖ్య పదార్థం నైట్రోసెల్యులోజ్. దీని మంట వేగం చుట్టూ ఉన్న ఒత్తిడి మీద ఆధారపడుతుంది. బయట పళ్లెంలో పోసి అంటిస్తే పెద్ద పసుపు మంటతో చరచరా కాలిపోతుంది తప్ప పేలదు. తుపాకి గొట్టంలాంటి ఇరుకులో బంధిస్తే మంట పుట్టించే వాయువులు ఒత్తిడి పెంచుతాయి, ఒత్తిడి మంటను ఇంకా ఎగదోస్తుంది. తుపాకిలో గుండును తోసేది ఈ లక్షణమే. గట్టి ఇనప డబ్బాలో మూసిపెట్టిన మందును బాంబుగా మార్చేదీ అదే.

20 పౌండ్ల స్మోక్‌లెస్ మందులో ఉన్న శక్తి చెప్పుకోదగ్గదేమీ కాదు. లెక్కగడితే లీటరు పెట్రోలులో ఉన్నంత. ఆ మాటకొస్తే గ్యారేజీలో పక్కనే నిలబడ్డ కారు ట్యాంకులో దానికి నలభై యాభై రెట్లుంటుంది. తేడా ఏమిటంటే పెట్రోలు మండాలంటే బయటి గాలి కావాలి, మందు తన ఆక్సిజన్‌ను తనలోనే మోసుకుంటుంది. అందుకే అది సెకన్లలో కాలిపోతుంది. గాలి అందకుండా చేసే గ్యాసు, ఇసుక దాని మీద పనిచేయవు. ఫైర్ సిబ్బంది చేయగలిగింది నీళ్లు పోసి పక్కనున్నవాటిని చల్లబరచడమే.

ప్రైమర్ విషయం ఇంకా సున్నితం. అందులో ఉండే రసాయనం చిన్న దెబ్బకే పేలుతుంది. పేలడం కోసమే దాన్ని తయారుచేశారు. ఒక్కటి పేలితే నష్టం లేదు. గుప్పెడు ప్రైమర్లను సీసాలో పోసి పెడితే ఒకటి పేలిన అదురుకు మిగతావన్నీ ఒకేసారి పేలతాయి. కంపెనీలు వాటిని వందేసి చొప్పున అరలున్న ట్రేలలో, ఒకదానికొకటి తగలకుండా, అంత ఎడంగా సర్ది అమ్మడం షోకు కోసం కాదు. ఆ ఎడమే రక్షణ.

వీటన్నింటితో పోలిస్తే పూర్తిగా తయారైన తూటా నిప్పులో సాధువు. తుపాకి గొట్టంలో ఉన్న తూటా పేలితే వాయువులకు దారి ఒక్కటే, గుండు ముందుకు దూసుకుపోతుంది. అట్టపెట్టెలో ఉన్న తూటా వేడెక్కి పేలితే పలచని ఇత్తడి తొడుగు చిట్లి, వాయువులు పక్కల నుంచి పోతాయి. గుండు బరువైనది కాబట్టి అది దాదాపు ఉన్నచోటే ఉండి, తేలికైన తొడుగే ఎగిరిపడుతుంది. అమెరికాలో తుపాకులు, తూటాలు తయారుచేసే కంపెనీల సంఘం సామి లక్షల తూటాలను మంటల్లో వేసి చిత్రీకరించింది. ఎగిరిన ముక్కలు ఫైర్ సిబ్బంది వేసుకునే దళసరి దుస్తుల్ని చీల్చుకుపోలేకపోయాయి. తయారీదారులే చేయించిన పరీక్ష గనక కాస్త అనుమానంగా చూసేవాళ్లు ఉండొచ్చు. కానీ పదార్థ ధర్మం చెప్పేదీ అదే. మినహాయింపు ఒకటుంది. తూటా ఎక్కించి పెట్టిన తుపాకి మంటల్లో చిక్కుకుంటే వేడికి అది నిజంగానే పేలుతుంది, గుండు పూర్తి వేగంతో వస్తుంది. ఇంటివాడు ఎప్పుడో బయటికొచ్చేసి ఉంటాడు, లోపల ఉండేది మంటలార్పేవాడు.

రెండు చట్టాలు, రెండు అంకెలు

అమెరికా కేంద్ర ప్రభుత్వం పేలుడు పదార్థాలను 1970లో చేసిన చట్టంతో లైసెన్సు కిందికి తెచ్చింది. అందులోనే మినహాయింపులూ రాసింది. చిన్న ఆయుధాల తూటాలు, వాటి విడిభాగాలు చట్టం పరిధిలోకి రావు. విడిభాగాల నిర్వచనంలో తొడుగు, గుండు, ప్రైమర్, స్మోక్‌లెస్ పౌడర్ అన్నీ ఉన్నాయి. బ్లాక్ పౌడర్ లేదని అక్కడే విడిగా చెప్పారు. దాన్ని కొనేవాడికి వేరే మినహాయింపు ఇచ్చారు. మొదట ఆ పరిమితి 5 పౌండ్లు. పాత తుపాకుల అభిమానులు, చారిత్రక యుద్ధాలను మైదానాల్లో తిరిగి ప్రదర్శించేవాళ్లు పట్టుబట్టగా 1975 జనవరిలో వచ్చిన సవరణతో 50 పౌండ్లయింది. ఒకేసారి పదింతలు పెంచడం చిన్న విషయం కాదు.

ఆ 50 పౌండ్లకూ షరతులున్నాయి. మందు కంపెనీలో తయారై అమ్మకానికి వచ్చినదై ఉండాలి. ఇంట్లో కలుపుకున్నది ఈ మినహాయింపులోకి రాదు. వాడకం క్రీడ, వినోదం, సంస్కృతి కోసమే, అదీ పురాతన తుపాకుల్లోనే. పురాతనం అంటే స్థూలంగా 1898లోగా తయారైనవి, వాటి నకళ్లు, బ్లాక్ పౌడర్‌తో గాని, దాని ప్రత్యామ్నాయాలతో గాని పనిచేసే మజిల్ లోడర్లు. అదే మందు వేరే పనికి ఉద్దేశించి పెట్టుకుంటే ఒక్క పౌండుకైనా లైసెన్సు, పర్మిట్ నియమాలు వర్తిస్తాయి. 2002లో వచ్చిన చట్టం ఆ నియమాల్ని ఇంకా బిగించింది. బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత 2013లో సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ ఈ మినహాయింపులను ఎత్తేసి, ఎంత కొన్నా నేపథ్య తనిఖీ ఉండాలని బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు.

కేంద్ర చట్టం 50 పౌండ్లు అంది కదా అని ఇంట్లో అంత పెట్టుకున్నవాడు పొరపాటు పడినట్టే. ఆ చట్టం చెప్పేది లైసెన్సు అక్కర్లేదని మాత్రమే. ఎక్కడ, ఎలా, ఎంత నిల్వ ఉండాలన్నది ఫైర్ కోడ్ చెబుతుంది. అమెరికాలో ఫైర్ కోడ్‌లను రాసేది ప్రభుత్వం కాదు. 1896లో పుట్టిన నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లాంటి ప్రైవేటు సంస్థలు నమూనాలు రాస్తాయి. రాష్ట్రమో, కౌంటీయో, నగరమో వాటిని తీర్మానించి స్వీకరించాక అవే చట్టమవుతాయి. పేలుడు పదార్థాల మీద ఆ సంస్థ రాసినది 495వ నంబరు కోడ్. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ పేరుతో ఇంకోటి చెలామణిలో ఉంది. ఇళ్ల విషయంలో రెండింటి అంకెలూ దాదాపు ఒక్కటే. బ్లాక్ పౌడర్ 20 పౌండ్లు. స్మోక్‌లెస్ 20 పౌండ్ల వరకు కొన్న డబ్బాల్లోనే, 20 నుంచి 50 వరకైతే చెక్క పెట్టెలో. ప్రైమర్లు 10,000. తూటాలకు సంఖ్యాపరిమితి లేదు. అయితే గిడ్డంగుల్లో, దుకాణాల్లో వాటిని పెట్రోలు, రంగులు, థిన్నర్ లాంటి మండే సరుకులకు 15 అడుగుల దూరంలోనో, గంటసేపు మంటకు తట్టుకునే గోడకు అవతలో ఉంచాలి. రెండు చట్టాలు రెండు అంకెలు చెప్పినప్పుడు ఆచరణలో తక్కువ అంకెదే పైచేయి.

ఈ అంకెలు వర్తించే ఇళ్లు ఏవన్నది కూడా ముఖ్యమే. ఫైర్ కోడ్ దృష్టిలో ఒకటి రెండు కుటుంబాలు ఉండే విడి ఇల్లు ఒక తరగతి, గోడకు గోడ ఆనుకుని పదుల కుటుంబాలుండే అపార్టుమెంటు మరో తరగతి. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో పైన చెప్పిన వెసులుబాటు మొదటి తరగతికి ఇచ్చినది. అపార్టుమెంటులో అద్దె ఒప్పందం, ఇన్సూరెన్సు పాలసీ కూడా తమ వంతు షరతులు పెడతాయి. పాలసీలో చిన్న అక్షరాల్లో ఉన్న ఆ షరతు చాలామంది చదవరు. క్లెయిము రోజున కంపెనీ మాత్రం చదువుతుంది.

ఇనుము కాదు, చెక్క

కోడ్ అడిగేది కనీసం అంగుళం మందం గోడలున్న చెక్క పెట్టె లేదా బీరువా. ప్రమాదకరమైన వస్తువును ఇనప బీరువాలో పెట్టి తాళం వేయాలనుకోవడం ఎవరికైనా సహజం. ఇక్కడ ఆ సహజబుద్ధి తప్పుదోవ పట్టిస్తుంది. ఇనుము వేడిని క్షణాల్లో లోపలికి పంపిస్తుంది, లోపల పుట్టిన ఒత్తిడిని బయటికి పోనివ్వదు. స్మోక్‌లెస్ మందుకు కావలసిందల్లా ఆ రెండే. చెక్క రెండింటికీ అడ్డం. దట్టమైన చెక్క మంటలో గంటకు సుమారు ఒకటిన్నర అంగుళం చొప్పున బొగ్గవుతూ పోతుందని ఇళ్ల నిర్మాణ ఇంజనీర్ల లెక్క. అమెరికా కలప అడితీలో అంగుళం పలక అని అమ్మేది చిత్రికపట్టాక నిజానికి ముప్పావు అంగుళమే ఉంటుంది. అయినా అది కాలేందుకు దాదాపు అరగంట పడుతుంది. అంతలో ఇంట్లోవాళ్లు బయటపడతారు, ఫైరింజన్ వస్తుంది. అప్పటికీ మందు అంటుకుంటే పెట్టె కీళ్లు వదులై, మూత లేచిపోయి, ఒత్తిడి పెరగకముందే మంట బయటికి పోతుంది. అందుకే ఈ పెట్టెలకు ఒక పక్క కావాలనే బలహీనంగా ఉంచమంటారు. తుపాకులు దాచే ఇనప సేఫ్‌లో మందు డబ్బాలు పెట్టవద్దని తయారీదారులు పదేపదే చెప్పేదీ ఇందుకే.

కొన్న డబ్బాలోనే ఉంచాలన్న నియమం వెనుక కూడా ఇదే ఆలోచన ఉంది. మందు డబ్బాను ప్లాస్టిక్కుతోనో, అట్టతోనో, తక్కువ ఒత్తిడికే చిట్లేలా చేస్తారు. ఎండకు, వెలుతురుకు లోపలి సరుకు పాడవకుండా చూస్తారు. దాన్ని గాజు సీసాలోకో, స్టీలు డబ్బాలోకో మారిస్తే ఆ ఏర్పాటంతా పోతుంది. లేబుల్ కూడా పోతుంది. మందుల్లో పదుల రకాలున్నాయి, చూపుకు చాలావరకు ఒకేలా ఉంటాయి. నెమ్మదిగా కాలే రైఫిల్ మందనుకుని చురుకైన పిస్తోలు మందు పోస్తే తుపాకి చేతిలోనే బద్దలవుతుంది.

నిల్వ చేసే చోటు చల్లగా, పొడిగా ఉండాలనడానికి రసాయన కారణముంది. నైట్రోసెల్యులోజ్ ఎప్పుడూ కొద్దికొద్దిగా విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. పుట్టే ఆమ్లాన్ని పీల్చుకునేందుకు తయారీలోనే ఒక స్థిరకారిని కలుపుతారు. వేడి ఎక్కువైతే అది త్వరగా అయిపోతుంది. తర్వాత డబ్బా తెరిస్తే ఘాటైన వాసన, తుప్పురంగు పొడి. అది పారేయాల్సిన మందు. లూసియానాలోని క్యాంప్ మిండెన్‌లో 2012లో పేలుడు జరిగాక అధికారులు చూస్తే సైన్యం వాడని పాత మందు సుమారు కోటిన్నర పౌండ్లు పద్ధతి లేకుండా పడి ఉంది. దాన్ని ప్రత్యేక కొలిమిలో కాల్చి వదిలించుకునే పని 2017 దాకా సాగింది. ఇంట్లో ఉండేది అందులో అణుమాత్రం, రసాయనం మాత్రం అదే.

బ్లాక్ పౌడర్ బదులుగా 1970లలో వచ్చిన పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు ఈ నియమాల ప్రభావంతోనే బాగా అమ్ముడుపోయాయి. పాత తుపాకుల్లో పనిచేస్తాయి, అంత సులువుగా అంటుకోవు, నిల్వ విషయంలో స్మోక్‌లెస్‌తో పాటు లెక్క. దుకాణాలకు బ్లాక్ పౌడర్ అమ్మాలంటే కేంద్ర లైసెన్సు, మ్యాగజైన్ అనే ప్రత్యేక గిడ్డంగి కావాలి కాబట్టి చాలా ఊళ్లలో బ్లాక్ పౌడర్ దొరకదు, ఈ ప్రత్యామ్నాయాలే దొరుకుతాయి.

రెండున్నర శతాబ్దాల లెక్క

ఇళ్లలో మందుకు హద్దు పెట్టడం కనీసం అమెరికా దేశమంత పాతది. కట్టెల ఇళ్లు, ఇరుకు వీధులు, ప్రతి ఇంట్లో కొవ్వొత్తి, పొయ్యి, మిలీషియాలో చేరిన ప్రతి మగవాడి దగ్గరా మందు. 1784 నాటి న్యూయార్క్ చట్టం ఒక చోట 28 పౌండ్లకు మించి ఉంచరాదంది. ఆ 28నీ ఏడేసి పౌండ్ల చొప్పున నాలుగు రాతి కూజాల్లోనో, తగరపు డబ్బాల్లోనో విడదీసి పెట్టాలంది. ఆనాటి కొన్ని చట్టాలు మందును ఇంటి పై అంతస్తులోనే ఉంచమన్నాయి. మంట సాధారణంగా కింద వంటింట్లో పుడుతుంది, పైన పేలితే కప్పు ఎగిరిపోతుంది గాని ఇల్లు కూలదు. చెక్క పెట్టె వెనుక ఉన్న తర్కమే ఇది, ఇంజనీరింగ్ పుస్తకాలు రాకముందే కట్టిన లెక్క.

బోస్టన్ 1783లో ఇంకో అడుగు వేసింది. మందు ఎక్కించిన తుపాకిని ఇంట్లోకి తేవడాన్నే నిషేధించి 10 పౌన్లు జరిమానా పెట్టింది. మంటలార్పడానికి ముందుకొచ్చేవాళ్ల ప్రాణాలకు ముప్పని ఆ చట్టమే కారణం చెప్పుకుంది. పైన చెప్పుకున్న మినహాయింపు, తూటా ఎక్కించిన తుపాకి, సరిగ్గా ఇదే. ఈ పాత చట్టం 2008లో అనూహ్యంగా సుప్రీంకోర్టుకెక్కింది. చేతి తుపాకులను వాషింగ్టన్ నగరం నిషేధించడం చెల్లదన్న హెల్లర్ కేసులో భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్, ఆయుధ హక్కును రాజ్యాంగంలో చేర్చిన తరమే ఇలాంటి ఆంక్షల్ని సహించిందని చూపించాడు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా ఒప్పుకోలేదు. అవి అగ్నిభద్రతా చట్టాలు, ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడాన్ని నిషేధించేవి కావన్నాడు. ఇద్దరూ ఒకే చట్టాన్ని చదివి చెరోవైపు లాక్కున్నారు గాని, మందు నిల్వకు పరిమితి పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదని ఎవరూ అనలేదు.

ఇళ్లలో పట్టని మందును ఊరి బయట రాతి గిడ్డంగిలో దాచేవారు. బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో గాలిమరగా కట్టి తర్వాత మందు గిడ్డంగిగా మార్చిన గోపురం ఇప్పటికీ నిలిచి ఉంది. అందరి మందూ ఒకే చోట ఉండటం మంటల భయానికి మంచిదే, రాజకీయానికి కాదు. 1774 సెప్టెంబరు 1న బ్రిటిష్ సైనికులు పొద్దున్నే వచ్చి అక్కడున్న 250 అరపీపాలు ఎత్తుకుపోయారు. యుద్ధం మొదలైందన్న పుకారుతో వేలమంది ఆయుధాలతో బోస్టన్ వైపు బయల్దేరారు. నిజంగా యుద్ధం రావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆయుధాల విషయంలో ప్రభుత్వం మీద అమెరికన్లకుండే అనుమానానికి ఇలాంటి జ్ఞాపకాలూ ఒక మూలం.

రాష్ట్రాల తీరు ఈనాటికీ ఒక్కలా లేదు. తూటాలకూ సంఖ్య పెట్టిన అరుదైన రాష్ట్రం మసాచుసెట్స్. అక్కడ ఆయుధ అనుమతి ఉన్న వ్యక్తి ఫైర్ విభాగం పర్మిట్ లేకుండా ఇంట్లో రిమ్‌ఫైర్ తూటాలు 10,000, సెంటర్‌ఫైర్ 10,000, షాట్‌గన్ తూటాలు 5,000 వరకు ఉంచుకోవచ్చు. అంతకు మించితే పర్మిట్ తీసుకోవాలి.

వీసా మీద ఉన్నవారి సంగతి

అమెరికాలో ఉన్న తెలుగువారిలో ఎక్కువమందికి వర్తించేది పౌండ్ల లెక్క కాదు, వేరే సెక్షన్. కేంద్ర తుపాకి చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవారు తుపాకి గాని, తూటా గాని కలిగి ఉండరాదు. విద్యార్థుల ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బి రెండూ ఆ కోవలోవే, పదేళ్లుగా అక్కడే ఉంటున్నా, సొంత ఇల్లున్నా సరే. ఒక్క తూటా ఉన్నా నేరమే. శిక్ష 15 ఏళ్ల వరకు పడొచ్చు. మినహాయింపుల్లో సామాన్యులకు పనికొచ్చేది రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఒకటే, అది చెల్లుబాటులో ఉండాలి. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకి అద్దెకు తీసుకుని కాల్చడం కూడా చేతిలో ఉంచుకోవడం కిందికే వస్తుంది. ఇది తెలియక వెళ్లి, ఫొటోలు నలుగురికీ చూపించుకునే కుర్రాళ్లు తమ మీద తామే సాక్ష్యం తయారుచేసుకుంటున్నారు. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం ఉండదు. అప్పుడు మిగతావారికి ఉన్న నియమాలే వీరికీ.

అమెరికాలోని తెలుగువారు భారతదేశానికి వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే ప్రయాణానికి వాడితే అడుగున ఒక తూటా ఉండిపోవచ్చు. విమానాశ్రయంలో ఎక్స్‌రేకు చిక్కితే భారత ఆయుధ చట్టం కింద కేసు. గున్వంత్‌లాల్ కేసులో 1972లో భారత సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, వస్తువు తన దగ్గరుందన్న ఎరుక ఉంటేనే అది నేరమయ్యే స్వాధీనం. ఆ సూత్రం మీద ఇలాంటి కేసుల్ని హైకోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి. కొట్టేసేదాకా తిరగడం మాత్రం తప్పదు.

లండన్ నుంచి ఢిల్లీకి

మందు నిల్వ మీద భారత చట్టానికి మూలం బ్రిటన్. 1874 అక్టోబరు 2న లండన్ రీజెంట్ కాలువలో సుమారు 5 టన్నుల మందుతో వెళుతున్న పడవ వంతెన కింద పేలింది. పడవలోని ముగ్గురూ చనిపోయారు, వంతెన నామరూపాల్లేకుండా పోయింది. మరుసటి ఏడే బ్రిటన్ పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 పౌండ్ల మందు ఉంచుకోవచ్చని అందులో ఉంది, న్యూయార్క్ 28కి దగ్గరి అంకె. దాని అడుగుజాడల్లో భారత ప్రభుత్వం 1884లో తెచ్చిన చట్టమే ఇప్పటికీ అమల్లో ఉంది. నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో సంస్థ దాన్ని నడుపుతుంది. 2008 నాటి నియమాల్లో పేలుడు పదార్థాల మొదటి తరగతి తుపాకి మందు, ఆరో తరగతి తూటాలు, ఏడో తరగతి బాణసంచా.

అయితే భారతదేశంలో ఇంట్లోని తూటాను ప్రధానంగా అదుపుచేసేది ఈ చట్టం కాదు, 1959 నాటి ఆయుధ చట్టం. ఆలోచనే వేరు. అమెరికా కోడ్ పదార్థం నిప్పులో ఏం చేస్తుందో అడుగుతుంది, భారత చట్టం అది ఎవరి చేతిలో ఉందో అడుగుతుంది. లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉండకూడదు. లైసెన్సు మీద రెండు అంకెలు రాసి ఉంటాయి. ఒకేసారి దగ్గర ఉంచుకోగలిగే తూటాలు ఎన్ని, ఏడాదిలో కొనగలిగేవి ఎన్ని. ఏది దాటినా ఉల్లంఘనే. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడమూ నేరమే కాబట్టి అమెరికా తరహా గ్యారేజీ రీలోడింగ్ ఇక్కడ మామూలు లైసెన్సుదారుడికి కుదరదు. 2019 సవరణ ఒక్కొక్కరికి ఉండదగిన తుపాకుల్ని మూడు నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

పంటను అడవిపందుల నుంచి కాపాడుకునేందుకు మజిల్ లోడర్‌కు లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధ చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ గ్రామాల్లో మాత్రం కాగితం లేని నాటు తుపాకులే ఎక్కువగా వార్తలకెక్కుతాయి. వాటికి వాడే మందుకు కంపెనీ డబ్బా ఉండదు, లేబుల్ ఉండదు, తాటాకు కప్పు కింద ఎక్కడ పెట్టాలో చెప్పే కోడ్ కూడా ఉండదు.

లైసెన్సు గడువు తీరినా, రద్దయినా, సస్పెండయినా తుపాకితో పాటు తూటాలను కూడా జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. లైసెన్సుదారుడు చనిపోతే ఆ బాధ్యత వారసులది. తండ్రి బీరువాలో దొరికిన తూటాల పెట్టె ఆస్తిగా చేతులు మారదు. వారసుడు తన పేరున లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్నవారికి అమ్మించవచ్చు. నిర్ణీత గడువులోగా రెండూ చేయకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది.